శవాల వరసలో సర్దుడక్క

వీధిలో అందరూ ఆమెను సర్దుడక్క అంటారు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు ఏదో ఒకటి సర్దుతుంది. తీగ మీద తువ్వాలు వంకరగా ఆరేసి ఉంటే సరిచేసి గానీ దాటి పోదు. ఒకసారి బస్సులో ముందు సీట్లో కునుకు తీస్తున్న పెద్దమనిషి కాలరు లోపలికి మడత పడిందని చెయ్యి చాపి తీసింది. ఆయన ఉలిక్కిపడి లేచి పర్సు తడుముకున్నాడు.

"మీ పర్సు నాకెందుకండీ? మీ కాలరు చూళ్ళేక చచ్చాను" అంది.

బస్సంతా నవ్వింది. డ్రైవరు ఒక్కడే నవ్వలేదు. ఆయన ఆమె మొగుడు.

సర్దుడక్క పెద్దాసుపత్రిలో ఆయా. ఏళ్ళ తరబడి చేస్తున్నా ఇంకా కాంట్రాక్టు మనిషే. పక్కలు మార్చడం, లేవలేని వాళ్ళని అటూ ఇటూ తిప్పడం, తల దువ్వడం ఆమె పని. వార్డులో ఎవరైనా పోతే నర్సు టైము రాసుకుంటుంది, డాక్టరు సంతకం పెడతాడు, అయినవాళ్ళు ఏడుపులో ఉంటారు. అప్పుడు ఆ మనిషి బట్టలు సరిచేసి, కాళ్ళు దగ్గరికి చేర్చి, దుప్పటి పాదాల దాకా లాగేది ఈమే. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దని ఎవరూ అనలేదు. అలా లాగి లాగి ఆ చెయ్యి ఆమెని అడగడం మానేసింది. దాని పని అది చేసుకుపోతుంది.

ఆ చెయ్యే ఆమె కొంప ముంచబోయింది.

వీధి చివర ప్యాకింగ్ ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి చాలా రోజులైంది. మగవాళ్ళు ఏ లారీయో ఏ గోడౌనో చూసుకున్నారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండి ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు. సరిగ్గా అప్పుడు ఊరవతల మైదానంలో సినిమావాళ్ళు దిగారు. పాతకాలం యుద్ధం సినిమా. చెక్కతో, అట్టతో, సున్నంతో ఒక ఊరికి ఊరే కట్టేశారు. బడి, గడియారం స్తంభం, రొట్టెల దుకాణం, మేడలు. ఇంత అందంగా ఎందుకు కట్టారయ్యా అంటే తగలబెట్టడానికట. ఇక్కడ నిజంగా ఇల్లు లేనివాళ్ళు ఆ అట్టమేడల వంక చూసి ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు.

తగలబెట్టే ఊళ్ళో చచ్చినవాళ్ళు కావాలి. ఆ చచ్చినవాళ్ళని సరఫరా చేసే మనిషిని మా వాళ్ళు గొడుగు ఏజెంటు అనేవారు. ఎండలో వందల మందిని పడుకోబెట్టి తను గొడుగు కింద నిలబడేవాడు కాబట్టి ఆ పేరు. మనిషి మరీ చెడ్డవాడు కాదు. గొడుగు మాత్రం ఒక్కరికే సరిపోయేది.

మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"చావడమంటే తేలికనుకోకండమ్మా. ఊపిరి తీసుకోవచ్చు, కానీ పొట్ట లేవకూడదు."

"ఆ ముక్క పొట్టకి నువ్వే చెప్పు బాబూ, నా మాట వినదు" అంది వదిన.

వదిన అంటే సర్దుడక్క మొగుడి అక్క. పక్కింట్లోనే ఉంటుంది. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుడుతుంది. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు.

"జోకులొద్దు" అన్నాడు ఏజెంటు. "ఇది ఒకే ఒక్క షాటు. ఆకాశంలో విమానం దగ్గర మొదలై, బాంబుతో పాటు కిందికొచ్చి, మంటల్లోంచి, వీధుల్లోంచి, మీ మీదుగా పోతుంది కెమెరా. మధ్యలో కట్ అనడం ఉండదు. ఊరు ఒక్కసారే తగలబడుతుంది, మళ్ళీ కట్టి తగలబెట్టరు. ఏ వీధి శవం కదిలితే ఆ వీధి మొత్తానికి ఇక నా దగ్గర పని లేదు. ఈ సినిమాకే కాదు, ఏ సినిమాకీ."

ఇది కొత్త ఎత్తేమీ కాదు. ఒకరు తప్పు చేస్తే పదిమందికి శిక్ష వేస్తే కాపలావాడి జీతం మిగులుతుంది. పనివాళ్ళే ఒకరినొకరు కాపలా కాసుకుంటారు. మన వీధివాళ్ళూ కాసుకున్నారు. వారం రోజులు ఇళ్ళల్లో చావడం సాధన చేశారు. సర్దుడక్క ఆసుపత్రి సెలవు రోజు చూసుకుని వాళ్ళతో కలిసింది. అంత అనుభవం ఉన్న మనిషి కదా, అందరికీ తనే నేర్పింది. నోరు ఎలా తెరుచుకుంటుందో, మడమలు ఎటు వాలతాయో చూపించింది. మొగుడు గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఇంతమంది చచ్చి పడి ఉంటే టీ ఎవరిస్తారు?" అని అడిగి తిట్లు తిన్నాడు.

షూటింగ్ రోజున బట్టలిచ్చారు. పల్చటి గౌన్లు, అక్కడక్కడా చింపి, మసి పూసి ఉన్నాయి. వదిన చేతిలోకి తీసుకుని చూసి మొహం చిట్లించింది. "బాంబు ఇలా చింపదు. కత్తెర పట్టుకోవడం రాని వెధవెవడో చింపాడు" అంది. అంతవరకు బాగానే ఉంది. తరవాత బట్టలాయన వచ్చి, లోపల వేసుకున్న సొంత లంగాలన్నీ విప్పి మూట కట్టుకోమన్నాడు. తెల్ల అంచులు బయటికి కనిపిస్తే ఆ కాలం కథలా ఉండదట.

"ఆ కాలంలో ఆడవాళ్ళు లోపల లంగాలు వేసుకోలేదా?" అంది వదిన.

"వేసుకున్నారు. ఆ కాలం లంగాలు తేవడానికి మాకు వీల్లేకపోయింది."

"విమానాలు తేవడానికి వీలైందా?"

ఆయన పక్క వరసలోకి వెళ్ళిపోయాడు. వదిన విప్పింది. పని కావాలి కదా.

పడుకోబెట్టారు. సర్దుడక్క పక్కకి ఒత్తిగిలి, కళ్ళు సగం తెరిచి. ఆమె ముందే వదిన బోర్లా, మొహం ఇటుకల వైపు. ఈల మోగింది. అటువైపు గడియారం స్తంభం కూలింది, మంటలు లేచాయి, కొబ్బరిచెట్టంత ఎత్తున్న ఇనుప చెయ్యికి కట్టిన కెమెరా తేలుతూ రావడం మొదలుపెట్టింది. పొగని కదిలించడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పారు.

ఆ గాలికి వదిన గౌను పైకి లేచింది. మోకాళ్ళు దాటింది. ఇంకా లేచింది.

సర్దుడక్కకి తెలిసేసరికి ఆమె చెయ్యి అక్కడుంది. గౌను అంచు పట్టుకుని కిందికి లాగి, పిక్కల కింద దోపి, పైన ఒక్కసారి తట్టి, మళ్ళీ మట్టిలో పడిపోయింది. కెమెరా పైనుంచి పోయింది. అప్పుడు గానీ ఆమెకి గుండె ఆగలేదు. ఆ తరవాత మిగిలిన షాటు ఆమె చచ్చినంత బాగా ఎవరూ చావలేదు.

"కట్!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. దర్శకుడు ఎవరినో కౌగిలించుకున్నాడు. పొగ అంత దట్టంగా ఉంది, ఎవరూ గమనించినట్టు లేదు. వదిన లేచి, దులుపుకుని, "పోనీలే, గాలి దానంతటదే తగ్గింది" అంది.

ఆ రోజు నుంచి సినిమా విడుదలయ్యేదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా. ఈలోగా ఏజెంటు వీధివాళ్ళని ఇంకా రెండు మూడు సినిమాలకి పిలిచాడు. ఒక దాంట్లో సంత, ఒక దాంట్లో రైల్వే స్టేషను. వీధిలో ఇళ్ళు కాస్త తేరుకున్నాయి. వదిన మిషన్‌కి మోటారు పెట్టించుకుంది. ఆ మోటారు చప్పుడు గోడ అవతల నుంచి వినబడినప్పుడల్లా సర్దుడక్కకి ఆ షాటే గుర్తొచ్చేది. పొగలో కనబడని చెయ్యి గోడంత తెర మీద కనబడకుండా పోతుందా?

సినిమా వచ్చింది. ఊరంతా గోడల మీద మంటల బొమ్మలు. వీధి ఆడవాళ్ళు కూడబలుక్కుని మొదటి రోజు ఉదయం ఆటకి ఒక వరస మొత్తం పట్టారు. "నాకు తలనొప్పి" అంది సర్దుడక్క. "చీకట్లో కూర్చుంటే తగ్గుతుంది" అని మొగుడు టికెట్టు చేతిలో పెట్టాడు.

హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసల్లో కాలేజీ కుర్రాళ్ళు, మధ్యలో సంసారాలు, వెనక ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్ళు. మొదటి విమానం తల మీదుగా పోయినట్టు వినిపించింది. కుర్చీలు అదిరాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. సర్దుడక్క పక్కన కూర్చున్న కూరగాయలావిడ పైకి చూసింది, కప్పు ఉందో లేదో అని. ఓడలు మునిగితే ఈల, వంతెన పేలితే ఈల, సైన్యాధికారి గుర్రమెక్కితే రెండు ఈలలు. ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూస్తున్నాడు. ఇంకొకాయన హాయిగా గుర్రు పెడుతున్నాడు, ఆ ఫిరంగుల మధ్య ఎలా నిద్రపట్టిందో గానీ. చూడ్డానికి ఎంత బాగుందంటే, యుద్ధం ఇంత బాగుంటుందా అని భయమేసేంత బాగుంది. ఆకాశం నారింజ రంగు, నిప్పురవ్వలు మిణుగురుల్లా ఉన్నాయి. ఇలాంటి సినిమాల దగ్గర నాకున్న పేచీ అదే. అందులో పోయినవాళ్ళు కూడా ఆ అందంలో కలిసిపోయి, వాళ్ళు మనుషులన్న సంగతి మన కంటికి ఆనదు.

సర్దుడక్క తెర చూడటం లేదు. జనాన్ని చూస్తోంది. తెర వెలుగు వాళ్ళ మొహాల మీద పడి ఎర్రబడుతుంటే, ఎప్పుడొస్తుందో ఎప్పుడొస్తుందో అని చూస్తోంది.

వచ్చింది. విమానం రెక్క, బాంబు, మబ్బులు, ఊరు. హాలంతా ఊపిరి బిగబట్టింది. కెమెరా వీధుల్లోకి దిగింది. "అదిగో మన బడి! అదిగో మన ఇటుకలు!" అని వీధివాళ్ళు గుసగుసలు. శవాల వరస. గాలి. గౌను. చెయ్యి.

అంత పెద్ద చెయ్యిని ఆమె జీవితంలో చూళ్ళేదు.

"శవం లేచిందిరోయ్!" అని ముందు వరసలోంచి ఒకడు అరిచాడు. కొంతమంది నవ్వారు. సర్దుడక్క కళ్ళు మూసుకుంది. ఆ నవ్వు పెరుగుతుందనుకుంది. పెరగలేదు. వెనకెక్కడో ఒకావిడ "అయ్యో తల్లీ" అంది. అంతే, పెద్దగా కూడా కాదు. నవ్వు మధ్యలో తెగిపోయింది. తరవాత చాలాసేపు ఈలలు లేవు. తెర మీద ఇంకో వంతెన పేలింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గుర్రు పెడుతున్నాయన ఆ నిశ్శబ్దానికి మెలకువొచ్చి, "ఏమైంది?" అని అడిగాడు.

విశ్రాంతిలో క్యాంటీన్ దగ్గర సంతలా ఉంది.

"పక్కా పొరపాటు. ఇంత ఖర్చు పెట్టి అది చూసుకోలేదు చూడు!"

"పొరపాటేంట్రా, ఆవిడ ఇంకా చావలేదు. కొన ఊపిరితో ఉంది. అదీ సీను."

"కొన ఊపిరితో ఉంటే నీళ్ళడుగుతారు గానీ పక్కదాని గౌను సర్దుతారా?"

"మా అమ్మయితే సర్దుతుంది" అన్నాడు మొదట అరిచిన కుర్రాడే. తనే అన్నాడని తనకే ఆశ్చర్యంగా, పాప్‌కార్న్ పొట్లంలోకి చూస్తూ నిలబడ్డాడు.

గొడుగు ఏజెంటు అక్కడే ఉన్నాడు. హాలు లోపలికి కూడా గొడుగు తెచ్చాడు. నేరుగా వీధివాళ్ళ దగ్గరికి వచ్చాడు. "ఎవరది? మీ వరసే అది. ఎవరు?"

ఆడవాళ్ళందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"పొగలో మాకేం కనిపిస్తుంది బాబూ?" అంది కూరగాయలావిడ.

"చచ్చాక కళ్ళు మూసుకోమన్నది నువ్వేగా" అంది ఇంకొకావిడ.

"కనుక్కుంటాను. సినిమా బోల్తా కొడితే నా మాట నేను తప్పను" అని వెళ్ళిపోయాడు. వదిన మాత్రం ఏమీ అనలేదు. వదిన ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. సర్దుడక్కకి అది ఏజెంటు మాట కంటే ఎక్కువ భయం పుట్టించింది.

తరవాతి రోజులు ఇంకా కష్టంగా గడిచాయి. ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. చెయ్యి దగ్గర ఆపి, పెద్దది చేసి, చుట్టూ ఎర్ర గీత గీసి పంపుకున్నారు. పేపర్లు రాశాయి, మరణంలో మిగిలిన మర్యాద అని, దర్శకుడి లోతైన ఆలోచన అని. ఇంకో పేపరు క్షమించరాని నిర్లక్ష్యం అంది. పొద్దున ఒక పేపరు చదివి మొగుడు, "అబ్బ, ఎంత ఆలోచించాడో చూడు ఆ డైరెక్టరు!" అన్నాడు. సర్దుడక్కకి టీ పొలమారింది. ఆసుపత్రిలో డాక్టర్లు రౌండ్స్‌లో కూడా అదే మాట. ఒకరోజు ఆమె ముసలావిడ పాదాల మీదికి దుప్పటి లాగి, అంచు దోపి, పైన ఒక్కసారి తట్టింది. తలెత్తితే నర్సు ఆమె వంకే చూస్తోంది.

"ఆయమ్మా, నువ్వేమైనా సినిమాల్లో చేశావా?"

"నేనా? నాకు తీరికెక్కడిదమ్మా" అంది. ఆ రోజంతా చేతులు కొంగు చాటున దాచుకుంది.

ఆదివారం సినిమావాళ్ళు అదే హాలుకి వస్తున్నారని తెలిసింది. ఆట అయ్యాక జనంతో మాట్లాడతారట. ఏజెంటు స్వయంగా వీధికి వచ్చి అందరినీ రమ్మన్నాడు. "సార్ వస్తున్నారు. ఆయన కోపంగా ఉన్నారో, సంతోషంగా ఉన్నారో నాకు తెలీదు. ఆయన కోపంగా ఉంటే మాత్రం మీ సంగతి అక్కడే తేలుస్తాను."

ఆట అయిపోయింది. దీపాలు వేశారు. దర్శకుడు తెర ముందుకు వచ్చాడు. సన్నగా, నిద్ర లేనట్టు ఉన్నాడు. ఆకాశం ఎలా చేశారని అడిగారు, చెప్పాడు. మంటలు నిజమేనా అని అడిగారు, కొన్ని నిజం కొన్ని కంప్యూటర్ అన్నాడు. గుర్రానికి దెబ్బ తగిలిందా అని ఒకాయన నిలదీశాడు. లేదని చెప్పి ఒప్పించేసరికి చెమట పట్టింది. అప్పుడు మధ్య వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"ఆ చెయ్యి మీరు చేయించారా, జరిగిందా? ఇంట్లో పందెం వేసుకున్నాం."

నవ్వులు. దర్శకుడు కాసేపు మైకుని చేతులు మార్చుకున్నాడు.

"నేనే చేయించానని పేపర్లు రాశాయి. బాగుంది కదా అని నేనూ కాదనలేదు" అన్నాడు. "నిజం చెప్పాలంటే, ఎడిటింగ్‌లో చూసేదాకా మాకు తెలీదు. మొదట చెరిపేశాం. కంప్యూటర్‌లో అదెంత పని. చెరిపాక వేసి చూశాం. విమానాలున్నాయి, మంటలున్నాయి, చచ్చినవాళ్ళు మాత్రం సామాన్లలా కనిపించారు. మళ్ళీ పెట్టేశాం. అసలు ఆ చెయ్యి ఎవరిదో మీలో ఎవరికైనా తెలుసా? ఈ ఊరివాళ్ళే కదా."

ఏజెంటు గోడ దగ్గర నుంచి ముందుకి ఉరికాడు. "సార్, మా వాళ్ళెవరూ కదలరు సార్! అంత క్రమశిక్షణ! అది గాలి సార్!"

"గాలికి వేళ్ళుంటాయా నాయనా?"

హాలంతా తిరిగి చూసింది. వదిన లేచి నిలబడింది. పక్కనే సర్దుడక్క కుర్చీలోకి కుంచించుకుపోయింది.

"ఆ చెయ్యి నాది కాదు" అంది వదిన. "ఆ కాళ్ళు మాత్రం నావి."

ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. వదిన వాళ్ళని చూపుతో అణిచేసింది.

"చప్పట్లు తరవాత కొడుదురు గాని. బాబూ, మా లోపలి లంగాలు విప్పించింది మీవాళ్ళే. తెల్ల అంచు కనపడకూడదన్నారు. విమానానికి రంగు వెయ్యగా లేంది, మా లంగాలకి కాస్త మసి పూయలేకపోయారా? నేను టైలర్ని, చెబితే నేనే కుట్టిచ్చేదాన్ని. తర్వాత మా మీద ఫ్యాన్లు తిప్పారు. ఇంటికెళ్ళి నేను మొగుడితో చెప్పుకోలేక మూడు పూటలు అన్నం తినలేదు."

నవ్వు ఆగిపోయింది. దర్శకుడు మైకు కిందికి దించాడు.

"నాకు తెలీదండీ."

"తెలుసుకోవాలి బాబూ. అంత పైనుంచి చూస్తారు కదా."

"తప్పే" అన్నాడు. "మరి ఆ చెయ్యి?"

వదిన సర్దుడక్క వైపు చూడనైనా చూడలేదు. "అది చెబితే మా వీధి మొత్తానికి పని పోతుంది. మీ గొడుగాయన పెట్టిన రూలు. ఫ్యాక్టరీ మూశారు, ఇప్పుడు ఇదొక్కటే దిక్కు. ముందు ఆ రూలు తీసెయ్యండి. అప్పుడు చెయ్యి చూపిస్తాం."

దర్శకుడు ఏజెంటు వైపు చూశాడు. ఏజెంటు గొడుగుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు. "అది... అంటే... భయం ఉండాలి కదా సార్."

"తీసెయ్!" అని కాలేజీ కుర్రాళ్ళలోంచి ఒకడు. "తీసెయ్! తీసెయ్!" అని వరసలన్నీ అందుకున్నాయి. గుర్రం గురించి నిలదీసినాయన కూడా లేచి చెయ్యెత్తి అరుస్తున్నాడు. ఓడలకీ వంతెనలకీ పడినదాని కంటే పెద్ద ఈల ఒకటి పడింది.

"సరే సరే, తీసేశాను!" అన్నాడు ఏజెంటు, చెవులు మూసుకుంటూ.

"ఏ సినిమాకైనా?" అంది వదిన.

"ఏ సినిమాకైనా!"

"విన్నారుగా అందరూ." అని వదిన కూర్చుంది.

ఇక చెప్పాల్సింది సర్దుడక్క. లేవాలనుకుంది. కుర్చీ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. హాలంతా ఎవరో లేస్తారని చూస్తోంది. ఆ కంగారులో, ముందు కుర్చీకి తొడిగిన గుడ్డ ఒక మూల జారి వేలాడుతుంటే, ఆమె చెయ్యి వెళ్ళి దాన్ని పైకి లాగి, కింద దోపి, పైన ఒక్కసారి తట్టింది.

"అదిగో!" అంది వెనకనుంచి ఒక చిన్నపిల్ల. "అమ్మా, అదే చెయ్యి!"

దర్శకుడు అక్కడినుంచే చూశాడు. సర్దుడక్క లేచి నిలబడింది.

"పొరపాటైంది సార్" అంది.

"అప్పుడు ఏమనుకుని చేశారు?"

"ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే చేసేదాన్ని కాదు, పని పోతుందిగా. ఆసుపత్రిలో చేస్తాను సార్, అలవాటు." వదిన మోచేత్తో పొడిచింది. "కానీ సార్, మీరు వదినకి లోపలి లంగా ఉండనిచ్చుంటే నా చెయ్యి కదిలేది కాదు. పొరపాటులో సగం మీది."

అప్పుడు పడ్డాయి చప్పట్లు. గుర్రు పెట్టే ఆయన ఆ రోజు కూడా వచ్చినట్టున్నాడు, లేచి అందరికంటే గట్టిగా కొట్టాడు. నాలుగో వరసలో సర్దుడక్క మొగుడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేంటే?" అన్నాడు బయటికొచ్చాక. "చెబితే బస్సంతా తెలుస్తుంది" అంది ఆమె.

ఇంటికి నడుస్తుంటే వదినా మరదళ్ళు వెనకబడ్డారు.

"వదినా, తెర మీద చూసే పోల్చావా?"

"తెర మీద ఏంటే? అప్పుడే తెలుసు నాకు."

"బోర్లా పడుకుని ఉన్నావుగా!"

"మొహం బోర్లా ఉంది, ముక్కు కాదు. మీ ఆసుపత్రి సబ్బు వాసన వీధి మొదట్లో నువ్వొస్తుంటే నాకు మిషన్ దగ్గరికి తెలుస్తుంది."

"మరి గాలి తగ్గిందన్నావు?"

"ఇంకేమనను? పక్కనే గొడుగు నిలబడి ఉంటే, నా మరదలు కదిలిందని చెప్పనా?" వదిన నడక ఆపింది. "మోకాళ్ళ దాకా లాగుంటే సరిపోయేది కదే. పిక్కల కింద దోపడం ఎందుకు? అక్కడే దొరికిపోయావు."

"దోపకపోతే మళ్ళీ లేస్తుంది వదినా."

వదిన నవ్వింది. ఆ నవ్వు వీధి చివరి దాకా వినబడి ఉంటుంది.

తరవాత కొన్నాళ్ళకి గొడుగు ఏజెంటు వచ్చాడు. అదే దర్శకుడి కొత్త సినిమా. మళ్ళీ యుద్ధమే, వాళ్ళకి అదొక్కటే వచ్చనుకుంటాను. "లోపలి లంగాలు వేసుకునే రండమ్మా. ఈసారి ఆ కాలం లంగాలు కుట్టించమని సార్ చెప్పారు" అన్నాడు. కుట్టే పని వదినకే వచ్చింది. షూటింగ్ మైదానంలో గుడ్డ పందిరి వేశారు, నీళ్ళ డ్రమ్ములు పెట్టారు. అడిగితే వచ్చేవే ఇవి. ఎవరూ అడగడం లేదనే ఇన్నాళ్ళూ రాలేదు. గొడుగు పట్టుకునే అవసరం తగ్గి, ఏజెంటుకి చేతులేం చేసుకోవాలో తెలియలేదు.

శవాలు పడుకునే ముందు దర్శకుడే నడుచుకుంటూ వచ్చాడు. సర్దుడక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఈసారి మీకేం అనిపిస్తే అది చెయ్యండి. కదిలినా పర్లేదు. కదిలితే బాగుంటుంది కూడా."

"అలాగే సార్" అంది ఆమె.

ఈల మోగింది. మంటలు లేచాయి. ఫ్యాన్లు తిరిగాయి. గాలి వరస మొత్తం మీదుగా పోయింది. మందపాటి లంగాలు, కింద అంచుల్లో బిగించిన నాడాలు, అంగుళం కూడా లేవలేదు. సర్దుడక్క సగం కళ్ళతో ముందున్న వదిన కాళ్ళ వైపు చూసింది. సర్దడానికి ఏమీ లేదు. చెయ్యి మట్టిలో పడి ఉంది, దాని మానాన అది.

తీస్తున్నంతసేపూ దర్శకుడు ఆశగా చూశాడట. సర్దుడక్క కదల్లేదు. అంత హాయిగా చావడం ఆమెకి అదే మొదటిసారి.